పాడైన డ్రాయింగ్ ఫైల్‌ను మళ్లీ సేవ్ చేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఈదురు గాలులు మొదలై కరెంటు పోవడం ఎక్కువైన రోజుల్లో కంప్యూటర్‌లో ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్లాన్లు వేసే ఆఫీసుల్లో వినిపించే మాట ఒకటుంది: "ఆటోక్యాడ్ ఫైల్ తెరుచుకోవడం లేదు, కరప్ట్ అయింది." ఇంటి ప్లాన్లు వేసే ఎల్‌టీపీలు (లైసెన్సున్న సాంకేతిక నిపుణులు), లేఅవుట్ సర్వే చేసేవాళ్లు, స్ట్రక్చరల్ డ్రాయింగులు ఇచ్చే ఇంజినీర్లు, పాలిటెక్నిక్ విద్యార్థులు అందరిదీ ఇదే బాధ. నిజానికి ఫైల్ పాడవడం వల్ల పోయేది తక్కువే. పాడైందని తెలిశాక కంగారులో చేసే పనుల వల్లే ఎక్కువ పోతోంది. భవన అనుమతులకు ప్లాన్‌ను డ్రాయింగ్ ఫైల్‌గానే ఆన్‌లైన్‌లో పెట్టాల్సి వస్తున్న ఈ రోజుల్లో మీ పాఠకుల్లో చాలామందికి అవసరమని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆటోక్యాడ్ సేవ్ చేసే తీరు తెలియాలి. అది పాత ఫైల్ మీదే తిరగరాయదు. అదే ఫోల్డర్‌లో ముందు ఒక తాత్కాలిక ఫైల్ రాస్తుంది. దాని పేరు 'ఎస్‌ఏవీ' అక్షరాలతో మొదలవుతుంది, చివర 'టీఎంపీ' ఉంటుంది. రాయడం పూర్తయ్యాక అప్పటిదాకా ఉన్న డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్) ఫైల్ 'బీఏకే'గా మారుతుంది, తాత్కాలిక ఫైల్‌కు డ్రాయింగ్ పేరు వస్తుంది. కాబట్టి బ్యాక్ (బీఏకే) ఫైల్ అంటే ఇప్పటిది కాదు, దీనికి ముందు సేవ్‌లో ఉన్న డ్రాయింగ్. పాడైన ఫైల్‌ను ఎలాగో తెరిచి ఒక్కసారి సేవ్ కొడితే, అంతవరకు బాగున్న బ్యాక్ ఫైల్ పోయి దాని చోట పాడైన ఫైల్ కూర్చుంటుంది. రెండోసారి కొడితే అదీ మిగలదు. సగం గోడలు కనిపిస్తున్నాయి కదా, ముందు ఉన్నంత వరకైనా దాచుకుందామని కంట్రోల్ ఎస్ నొక్కేవాళ్లు సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటారు.

అందుకే ఫైల్ తెరుచుకోలేదని తెలియగానే ఆటోక్యాడ్ పక్కన పెట్టి, డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ పెట్టి, ఆ డ్రాయింగ్ పేరుతో ఉన్న డీడబ్ల్యూజీ, బీఏకే ఫైళ్లు, అదే ఫోల్డర్‌లో ఉన్న టీఎంపీ ఫైళ్లు అన్నీ అందులోకి కాపీ చేసుకోవాలి. కట్ వద్దు, కాపీయే. ఇక ఏ ప్రయోగం చేసినా ఆ కాపీల మీదే.

ఆటోక్యాడ్ కొన్ని నిమిషాలకోసారి తనంతట తాను దాచే ఆటోసేవ్ ఫైల్ ఇంకోచోట ఉంటుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో టెంప్ అనే మాటకు అటూ ఇటూ శాతం గుర్తు పెట్టి కొడితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో డ్రాయింగ్ పేరు, దాని వెనక రెండు చిన్న అంకెలు, ఒక పెద్ద అంకె, చివర 'ఎస్‌వీ$' ఉన్న ఫైలే ఆటోసేవ్. కాపీ చేసుకుని, చివరి భాగాన్ని డీడబ్ల్యూజీగా మారిస్తే మామూలు డ్రాయింగులా తెరుచుకుంటుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. డ్రాయింగ్‌ను పద్ధతిగా మూసేస్తే, "సేవ్ చేయాలా" అన్నప్పుడు వద్దని చెప్పినా సరే, ఆటోక్యాడ్ ఈ ఫైల్‌ను తుడిచేస్తుంది. క్రాష్ అయినప్పుడో కరెంటు పోయినప్పుడో మాత్రమే అది మిగులుతుంది. క్రాష్ తర్వాత మళ్లీ తెరిచినప్పుడు డ్రాయింగ్ రికవరీ మేనేజర్ అనే పట్టీ డీడబ్ల్యూజీ, బీఏకే, ఎస్‌వీ$ మూడింటినీ ఒకచోట చూపిస్తుంది. చాలామంది దాన్ని అడ్డంగా ఉందని మూసేస్తారు. మూసేసినా ఫర్వాలేదు, డ్రాయింగ్ రికవరీ అని కమాండ్ కొడితే (కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా) తిరిగి వస్తుంది.

కొన్నిసార్లు ఫోల్డర్‌లో డ్రాయింగే కనిపించదు, బ్యాక్ ఫైల్, టీఎంపీ ఫైల్ మాత్రం ఉంటాయి. పేర్లు మారే ఆ క్షణంలో కరెంటు పోతే ఇలా అవుతుంది. కరెంటు పోకుండా కూడా అవుతుంది: యాంటీవైరస్‌గానీ, ఫోల్డర్‌ను ఇంటర్నెట్‌లోకి ఎక్కించే సింక్ ప్రోగ్రాంగానీ అదే క్షణంలో ఫైల్‌ను పట్టుకుంటే పేరు మారదు. ఆ టీఎంపీ ఫైల్ సైజు బ్యాక్ ఫైల్‌కు దగ్గరగా ఉంటే దాని కాపీకి డీడబ్ల్యూజీ అని పేరు పెట్టి చూడండి, తాజా పని అంతా అందులోనే దొరకవచ్చు. పని నడుస్తున్నంతసేపు డ్రాయింగ్ సింక్ అయ్యే ఫోల్డర్‌లో వద్దు. కొత్త విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు కూడా మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్ కింద ఉంటున్నాయి, చూసుకోవాలి. పెన్‌డ్రైవ్ మీద నేరుగా తెరిచి పని చేయడం ఇంకా ప్రమాదం. ఫైల్ తెరిచి ఉండగా పెన్‌డ్రైవ్ లాగేయడమే డ్రాయింగులు పోవడానికి చాలా మామూలు కారణం.

రిపేరుకు దిగేముందు చేసే ఒక పరీక్ష ఉంది, నిమిషం పట్టదు. కాపీ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంకాని గుర్తులే నిండా కనిపిస్తాయి గానీ మొట్టమొదటి 6 అక్షరాలు చదవగలిగేవే. ఏసీ1015 అని ఉంటే అది ఆటోక్యాడ్ 2000 నుంచి 2002 వరకు వాడిన ఫార్మాట్. ఏసీ1018 అంటే 2004–2006. ఏసీ1021 అంటే 2007–2009. ఏసీ1024 అంటే 2010–2012. ఏసీ1027 అంటే 2013–2017. ఏసీ1032 అంటే 2018, ఆ తర్వాతివి. చూసి, సేవ్ చేయకుండా మూసేయాలి. "పాడైంది" అంటూ వచ్చే ఫైళ్లలో కొన్ని అసలు పాడైనవే కావు; 2018 ఫార్మాట్‌లో పంపిన డ్రాయింగ్‌ను 2014 ఆటోక్యాడ్‌లో తెరవబోయారు, అంతే. మొదటి అక్షరాలు 'పీకే' అయితే అది జిప్ ఫైల్, ఎవరో పేరు మార్చారు. వెబ్ పేజీ కోడ్ కనిపిస్తే డౌన్‌లోడ్ అయింది డ్రాయింగ్ కాదు, లాగిన్ పేజీ. ఇక మొదటి నుంచి చివరి దాకా ఖాళీగా ఉంటే ఆ ఫైల్‌లో సున్నాలు తప్ప ఏమీ లేవు. ఎక్స్‌ప్లోరర్‌లో 2 ఎంబీ అని సైజు సరిగ్గానే చూపిస్తుంది, ఎందుకంటే విండోస్ చోటు కేటాయించింది గానీ అందులో డేటా రాయకముందే కరెంటు పోయింది. ఆ ఫైల్‌ను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. రికవరీ పేరుతో డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి పోకుండా నేరుగా బ్యాక్, ఆటోసేవ్ ఫైళ్లు వెతుక్కోవాలి.

6 అక్షరాలూ సరిగ్గా ఉంటే రిపేరుకు ఆశ ఉన్నట్టే. ఖాళీ డ్రాయింగ్ తెరిచి రికవర్ అని కమాండ్ కొట్టి, కాపీని ఎంచుకోవాలి. మామూలు ఓపెన్‌కు లొంగని ఫైళ్లు దీనితో చాలావరకు తెరుచుకుంటాయి. ఎక్స్‌రెఫ్‌లు (బయటి నుంచి జోడించిన వేరే డ్రాయింగ్ ఫైళ్లు) తగిలించిన డ్రాయింగ్ అయితే రికవర్ ఆల్ వాడాలి. అది ఎక్స్‌రెఫ్‌లను కూడా బాగుచేసి, వాటిని సేవ్ కూడా చేసేస్తుంది కాబట్టి అవి కూడా కాపీలే అయివుండాలి.

తెరుచుకోగానే, డ్రాయింగ్‌లో తప్పులు వెతికే ఆడిట్ కమాండ్ నడపాలి. ఇక్కడ ఒక చిన్న పొరపాటు చాలామంది చేస్తారు. తప్పులు దొరికితే సరిచేయాలా అని అడిగినప్పుడు ఎంటర్ నొక్కేస్తారు. ఎంటర్ అంటే 'వద్దు' అని. తప్పులు లెక్కపెట్టి చూపిస్తుంది గానీ ఒక్కటీ సరిచేయదు. 'వై' అని కొట్టి ఎంటర్ నొక్కాలి. చివరి వరుసలో ఎన్ని దొరికాయి, ఎన్ని సరిచేశామన్న అంకెలు వస్తాయి. 37 దొరికి 37 సరైతే మళ్లీ ఒకసారి నడపండి, సున్నా వచ్చేవరకు. ఒకటి సరిచేస్తే దాని వెనకున్నది బయటపడటం మామూలే. ఆడిట్‌సీటీఎల్ అనే సెట్టింగ్ విలువ 1 పెడితే ఆ చిట్టా అంతా డ్రాయింగ్ పక్కనే 'ఏడీటీ' ఫైల్‌గా రాసిపెడుతుంది. ఏ వస్తువును తీసేసిందో తర్వాత చూసుకోవచ్చు.

తీసేయడం అన్న మాట ఊరికే అనలేదు. ఆడిట్ అర్థం చేసుకోలేని వస్తువును తుడిచేసి "సరిచేశాను" అంటుంది. అందువల్ల రిపేరైన ప్లాన్‌ను చివరిసారి తీసిన ప్రింటుతో పక్కపక్కన పెట్టి చూడకుండా బయటికి పంపకూడదు. కొలతలు, బ్లాకులు (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపులు), హాచ్‌లు (గీతలతో నింపిన భాగాలు), ఏరియా పట్టిక చూడాలి. 2019 నుంచి వచ్చిన వెర్షన్లలో కంపేర్ కమాండ్ ఉంది. బ్యాక్ ఫైల్‌ను, రిపేరు చేసిన ఫైల్‌ను దానికి ఇస్తే తేడాలు రంగుల్లో చూపిస్తుంది.

ఆడిట్ సున్నా అయ్యాక చెత్త తీయాలి. పర్జ్ కమాండ్ కొడితే వచ్చే పెట్టెలో నెస్టెడ్ ఐటమ్స్‌కు టిక్ పెట్టి అన్నీ తీసేయండి. ఆ తర్వాత, ముందు మైనస్ గుర్తు పెట్టి -పర్జ్ అని కొట్టి, ఆర్ అని ఇచ్చి, పేర్లు అడిగితే నక్షత్రం గుర్తు, ఒక్కొక్కటీ అడగాలా అంటే ఎన్. ఇవి రెగ్‌యాప్స్. వేరే సాఫ్ట్‌వేర్లు డ్రాయింగ్‌లో వదిలే ఆనవాళ్లు. ఒక డ్రాయింగ్ నుంచి కాపీ చేసి ఇంకోదాంట్లో పేస్ట్ చేసినప్పుడల్లా ఇవి కూడా వెంట వస్తాయి, వేలల్లో పేరుకుంటాయి. స్కేళ్ల జాబితా కూడా ఇలాగే పెరుగుతుంది; పేర్ల చివర ఎక్స్‌రెఫ్ ఎక్స్‌రెఫ్ అని తోకలున్న స్కేళ్లు వందల్లో కనిపిస్తే -స్కేల్‌లిస్ట్‌ఎడిట్ కొట్టి, రీసెట్‌కు ఆర్, అవునని వై, బయటికి ఈ. మైక్రోస్టేషన్ అనే మరో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ డీజీఎన్ ఫైళ్ల నుంచి వచ్చిన లైన్ స్టైళ్లు మరో రకం. నాలుగు గదుల ప్లాన్ పదుల ఎంబీలకు ఉబ్బిందంటే మొదట వాటినే అనుమానించాలి. పాత వెర్షన్లలో మామూలు పర్జ్‌కు అవి పోయేవి కావు, ఇప్పటి వెర్షన్ల పర్జ్ వాటిని తీసేయగలదు.

రికవర్ కూడా మధ్యలో పడిపోతుంటే దారి మార్చాలి. మెట్రిక్ టెంప్లేట్‌తో కొత్త డ్రాయింగ్ తెరిచి, పాడైనదాన్ని ఇన్సర్ట్ కమాండ్‌తో 0,0,0 దగ్గర స్కేల్ 1తో బ్లాక్‌గా తెచ్చి, ఎక్స్‌ప్లోడ్ చేయండి (విడగొట్టండి). ఇలా వచ్చేది మోడల్ స్పేస్ (అసలు బొమ్మ గీసే చోటు) మాత్రమే. షీట్లు కావాలంటే లేఅవుట్ ట్యాబ్ మీద రైట్‌క్లిక్ చేసి ఫ్రం టెంప్లేట్ ఎంచుకుని, టెంప్లేట్ బదులు పాత డీడబ్ల్యూజీ ఫైల్‌నే చూపిస్తే లేఅవుట్లు ఒక్కొక్కటిగా తెచ్చుకోవచ్చు. ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ కూడా అక్కరకొస్తుంది. దాని కన్వర్ట్ సెట్టింగుల్లో తప్పులు చూసి సరిచేయడం, పర్జ్ చేయడం, ప్లాటర్‌ను 'నన్' చేయడం అన్న గడులున్నాయి. మూడింటికీ టిక్ పెట్టి మార్చిన ఫైల్ ఒక్కోసారి ఆటోక్యాడ్‌లో శుభ్రంగా తెరుచుకుంటుంది. బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటి వేరే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు దగ్గరుంటే వాటిలో తెరిచి డీఎక్స్ఎఫ్‌గా (క్యాడ్ సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే ఫైల్) తీసి వెనక్కి తెచ్చుకోవడం ఇంకో మార్గం.

తెరుచుకుంటుంది గానీ ఒకచోట జూమ్ చేస్తేనో, రీజెన్ (తెర మీది బొమ్మను మళ్లీ గీయించే కమాండ్) కొడితేనో పడిపోతుంది అనే ఫైళ్లుంటాయి. అక్కడ తప్పు ఒకటి రెండు వస్తువుల్లోనే ఉంటుంది. డబ్ల్యూబ్లాక్‌తో డ్రాయింగ్‌లో సగాన్ని ఒక కొత్త ఫైల్‌లోకి, మిగతా సగాన్ని ఇంకోదాంట్లోకి రాయండి. ఏది క్రాష్ అవుతోందో దాన్నే మళ్లీ సగం చేయండి. ఐదారు విడతల్లో దొంగ దొరుకుతుంది. చాలాసార్లు అది దట్టమైన హాచ్ అయివుంటుంది: అడుగుల్లో వేసిన స్కేల్‌ను మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లోనో, అటుదిటో వాడినప్పుడు ఒక్క హాచ్‌లో లక్షల గీతలు పుడతాయి. హెచ్‌పీమ్యాక్స్‌లైన్స్ అనే హద్దు మామూలుగా 10 లక్షలు ఉంటుంది. దాన్ని పెంచుకుని పని కానిచ్చేవాళ్లు తర్వాత అనుభవిస్తారు.

సర్వే డ్రాయింగుల సంగతి వేరు. తెలంగాణలో ఎక్కువ భాగం, ఆంధ్రప్రదేశ్ చాలావరకు యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా విడదీసి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) 44వ జోన్‌లోకి వస్తాయి. హైదరాబాద్ దగ్గర తూర్పు విలువ సుమారు 2 లక్షల 30 వేల మీటర్లు, ఉత్తరపు విలువ 19 లక్షల 20 వేల మీటర్లు దాటి ఉంటుంది. ఉత్తరపు విలువను మిల్లీమీటర్లలోకి మారిస్తే 190 కోట్లు దాటుతుంది. మూలబిందువు నుంచి అంత దూరంలో గీసినప్పుడు వంపులు గతుకులుగా కనపడటం, హాచ్ నిండకపోవడం, ఆఫ్‌సెట్ మొరాయించడం మామూలు. ఇది ఫైల్ పాడవడం కాదు, అంకెల సూక్ష్మత చాలకపోవడం. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న అనంతపురం, హిందూపురం, ఆదోని 43వ జోన్‌లో పడతాయి. రెండు జోన్ల పాయింట్లు ఒకే డ్రాయింగ్‌లో పేస్ట్ చేస్తే ముక్కలు ఒకదానికొకటి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో పడి, జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే తెర ఖాళీగా కనిపిస్తుంది. "డ్రాయింగ్ మాయమైంది" అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే. సర్వే అంతా మీటర్లలోనే ఉంచి, భవనాన్ని 0,0 దగ్గర వేరే ఫైల్‌లో గీసి, ఎక్స్‌రెఫ్‌గా తగిలించడం మేలు.

ఇక సాఫ్ట్‌వేర్ క్రాష్‌లు. ఏ ఫైల్ తెరిచినా పడిపోతోందా, ఒక్క ఫైల్‌తోనేనా అన్నది మొదట తేల్చుకోవాలి. ఖాళీ డ్రాయింగ్‌లో పది గీతలు గీసి, జూమ్ చేసి, ప్రింట్ ప్రివ్యూ చూడండి. అక్కడా పడిపోతే తప్పు ఫైల్‌ది కాదు, కంప్యూటర్‌ది. గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కొట్టి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (గ్రాఫిక్స్ కార్డు సాయం) ఆపి చూడండి. అసలు తెరుచుకోకముందే పడిపోతుంటే షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చివర, కోట్ గుర్తు బయట ఒక ఖాళీ ఇచ్చి /నోహార్డ్‌వేర్ అని (ఇంగ్లిష్ అక్షరాల్లోనే, కలిపి) రాస్తే అది లేకుండా మొదలవుతుంది. అలా నిలబడితే గ్రాఫిక్స్ డ్రైవర్ తయారీదారు సైట్ నుంచి కొత్తది వేయాలి. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆటోక్యాడ్‌ను పెద్ద కార్డుకు కేటాయించాలి. ఊహాగానం వద్దనుకుంటే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ చిట్టా తెరిచి, క్రాష్ అయిన వేళకు ఉన్న ఎర్ర గుర్తును నొక్కండి. ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు ఎన్‌వీతో మొదలైతే ఎన్‌విడియా డ్రైవర్‌ను, ఐజీతో మొదలైతే ఇంటెల్ డ్రైవర్‌ను అనుమానించాలి.

ప్లాట్ కొట్టినప్పుడే పడిపోతే, ఫైల్ తెరవడానికే నిమిషాలు పడితే, ఆఫీసులో లేని నెట్‌వర్క్ ప్రింటర్ పేజ్ సెటప్‌లో ఉండిపోయిందేమో చూడాలి. కంప్యూటర్ డిఫాల్ట్ ప్రింటర్‌ను పీడీఎఫ్‌కు మార్చి, ఆ పాత పేజ్ సెటప్‌లు తీసేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సీ డ్రైవ్ నిండిపోవడం కూడా నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది, టెంప్ ఫోల్డర్‌లో చోటు లేక ఆటోసేవ్ రాయలేదు. క్రాష్ తర్వాత ఓపెన్ నొక్కితే పెట్టె రాకుండా కమాండ్ లైన్‌లో పేరు అడుగుతోందా? ఫైల్‌డయా విలువ 1 చేయండి, అంతే. ఏదీ ఫలించకపోతే స్టార్ట్ మెనూలో ఆటోక్యాడ్ కింద ఉండే రీసెట్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్ నడపండి. అది ముందు మీ సెట్టింగులను బ్యాకప్ తీసుకోమంటుంది, తీసుకోండి.

క్రాక్ చేసిన కాపీల గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. వాటికి అప్‌డేట్లు వేయలేరు, క్రాక్ కోసం యాంటీవైరస్ ఆపేస్తారు, లోపలి ఫైళ్లను ఎవరు మార్చారో తెలియదు. అలాంటి కంప్యూటర్‌లో క్రాష్‌కు కారణం వెతకడం శుద్ధ దండగ. విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచిత లైసెన్సు ఇస్తోంది. చిన్న ఆఫీసులకు తక్కువ ధరలో డీడబ్ల్యూజీ చదివే వేరే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

దీనికి తోడు లిస్ప్ (ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాంలు రాసే భాష) వైరస్‌లు. ఆటోక్యాడ్ ఒక డ్రాయింగ్ తెరిచేటప్పుడు, ఆ ఫోల్డర్‌లో 'ఏక్యాడ్' లేదా 'ఏక్యాడ్‌డాక్' అనే పేరుతో లిస్ప్ ఫైల్ ఉంటే దాన్ని కూడా నడిపే ఏర్పాటు ఉంది. దీన్ని వాడుకునే వైరస్ తనను తాను డ్రాయింగులున్న ప్రతి ఫోల్డర్‌లోకీ కాపీ చేసుకుంటుంది, కొన్ని కమాండ్ల పని మార్చేస్తుంది, ఆటోక్యాడ్‌ను నిదానం చేస్తుంది. 2012లో బయటపడిన మెడ్రే అనే వార్మ్ అయితే పెరూలో ఎక్కువగా వ్యాపించి, తెరిచిన డ్రాయింగులను చైనాలోని ఈమెయిల్ చిరునామాలకు పంపింది. దాన్ని గుర్తించి చెప్పింది ఈసెట్ సంస్థ. ఏ0, ఏ1 ప్రింట్ల కోసం పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ మొత్తం ప్లాటింగ్ సెంటర్‌కు తీసుకెళ్లి, అక్కడి కంప్యూటర్‌లో తెరిపించి, అదే పెన్‌డ్రైవ్ ఆఫీసులో పెట్టడం ఇలాంటి వైరస్‌లకు రాచబాట. ప్రింటుకు పీడీఎఫ్ మాత్రమే తీసుకెళ్తే ఈ గొడవే ఉండదు.

శుభ్రం చేయాలంటే ఆటోక్యాడ్ మూసి, డిస్క్ అంతా, పెన్‌డ్రైవ్‌లతో సహా, ఏక్యాడ్ పేరుతో ఉన్న ఎల్‌ఎస్‌పీ, ఎఫ్‌ఏఎస్, వీఎల్‌ఎక్స్ ఫైళ్లు (మూడూ లిస్ప్ ప్రోగ్రాం ఫైళ్లే) వెతకాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. పేరులో సంవత్సరం అంకె ఉన్నవి, ఏక్యాడ్2020, ఏక్యాడ్2020డాక్ లాంటివి, ఆటోక్యాడ్ సొంత ఫైళ్లు, వాటిని ముట్టుకోవద్దు. అంకె లేనివి మీ ఆఫీసులో ఎవరూ రాయకపోతే తీసేయాలి. సందేహముంటే నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఫైళ్లను కాపీ చేసే ఆదేశాలు కనిపిస్తే అది వైరసే. 2014 వెర్షన్ నుంచి సెక్యూర్‌లోడ్ అనే రక్షణ వచ్చింది. "ఈ ఫైల్ లోడ్ చేయాలా" అన్న పెట్టె పదేపదే వస్తోందని దాన్ని సున్నా చేసేవాళ్లున్నారు. ఆ పెట్టె విసిగించడానికి వచ్చింది కాదు, అక్కడ ఏదో ఉందని చెబుతోంది.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట. గ్రామ పటాల్లో పేర్లు ప్రశ్న గుర్తులుగా మారితే ఫైల్ పాడైనట్టు కాదు. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు లేదు. టెక్స్ట్ స్టైల్‌ను గౌతమికో, నిర్మలకో మార్చాలి. అను ఫాంట్లతో టైపు చేసిన పేర్లు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి, ఫాంట్ వేస్తే తిరిగి వస్తాయి. పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో ఫాంట్లు, ఎక్స్‌రెఫ్‌లు కలిపి జిప్ చేస్తే ఈ పేచీ ఉండదు. అందుకున్నవారు ప్రాపర్టీస్‌లో బైట్ల లెక్క పంపినవారితో సరిచూసుకోవాలి. ఒక్క బైటు తక్కువున్నా మళ్లీ పంపించుకోవడమే.

కొత్త కంప్యూటర్‌లో మొదటి రోజే పెట్టుకోవాల్సినవి కొన్నే. సేవ్‌టైమ్ మామూలుగా 10 నిమిషాలు ఉంటుంది, 5 చేయండి. ఆటోసేవ్ గడియారం చేత్తో సేవ్ చేసిన ప్రతిసారీ మొదటికి వస్తుందని గుర్తుంచుకోవాలి. ఐసేవ్‌బ్యాక్ 1 ఉండాలి, అప్పుడే బ్యాక్ ఫైల్ తయారవుతుంది. ఐసేవ్‌పర్సెంట్ మామూలుగా 50 ఉంటుంది; సున్నా చేస్తే ప్రతి సేవ్‌లోనూ ఫైల్ మొత్తం తాజాగా రాస్తుంది. కాస్త నిదానమే అయినా తునకలు తునకలుగా అతికించిన ఫైల్ కన్నా నయం. సేవ్‌ఫైల్‌పాత్‌తో ఆటోసేవ్‌ను టెంప్ నుంచి తప్పించి సొంత ఫోల్డర్‌కు మళ్లిస్తే డిస్క్ క్లీనప్ దాన్ని ఊడ్చేయదు. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటే చాలదు, బ్యాటరీ పని చేస్తోందో లేదో ప్లగ్ తీసి చూడాలి. అది ఇచ్చే నాలుగైదు నిమిషాలు సేవ్ చేసి మూయడానికే, పని సాగించడానికి కాదు.

సంపాదకుల ద్వారా రెండు విన్నపాలు. ఐటీఐల్లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు రెండేళ్లు. పాలిటెక్నిక్‌లలోనూ క్యాడ్ ల్యాబ్ ఉంది. లైన్, ఆఫ్‌సెట్, ట్రిమ్ నేర్పే ఆ ల్యాబ్‌లలో ఒక్క పూట పాడైన ఫైల్ చేతికిచ్చి బాగుచేయించాలి. బ్యాక్ ఫైల్ అంటే ఏమిటో తెలియకుండా బయటికి వస్తున్న పిల్లలు ఆఫీసుల్లో మొదటి నెలలోనే మొట్టికాయలు తింటున్నారు. రెండోది, ఆన్‌లైన్‌లో డ్రాయింగులు తీసుకునే చోట "ఫైల్ చెల్లదు" అన్న ఒక్క ముక్కతో తిప్పి పంపకుండా, ఏ వెర్షన్ కావాలో, ఏ లేయర్‌లో తప్పుందో రాయాలి. అప్‌లోడ్ చేసే పేజీలోనే ఫార్మాట్ సంవత్సరం స్పష్టంగా ఉంటే తిరస్కరణలు కొన్నైనా తగ్గుతాయి.

ఫైల్ బాగుచేయమని ఎవరికైనా పంపేవాళ్లు ఒక్క డీడబ్ల్యూజీ పంపి ఊరుకోవద్దు. బ్యాక్ ఫైల్, దొరికిన ఎస్‌వీ$, టీఎంపీ ఫైళ్లు, ఎక్స్‌రెఫ్‌లు, ఏ వెర్షన్‌లో గీశారు, తెర మీద వచ్చిన ఎర్రర్ ఫొటో, చివరిసారి బాగా తెరుచుకున్న తేదీ, ఆ తర్వాత ఎన్నిసార్లు సేవ్ కొట్టారన్నది కూడా రాసి పంపాలి.

— క్యాడ్ శిక్షకుడు,
హనుమకొండ